అప్‌డేట్: చెల్లి జర్మనీ ఫ్లాట్ డిపాజిట్ వచ్చింది

మా చెల్లి జర్మనీలో ఫ్లాట్ ఖాళీ చేసి కావలి వచ్చేసిందనీ, ఓనర్ 1,350 యూరోల డిపాజిట్ ఆపేశాడనీ పోయిన నెల అడిగాను కదా. నిన్న 1,200 పడ్డాయి. మిగతా 150 హీటింగ్, నీళ్ల ఖర్చుల ఏడాది లెక్క తేలాక ఇస్తాడట. అలా కొంత ఆపుకోవడం అక్కడ మామూలే.

మమ్మల్ని కాపాడింది ఒక్క కాగితం. ఫ్లాటులో దిగిన రోజు ఇద్దరూ సంతకం చేసిన అప్పగింత పత్రం అది. 'బాత్రూమ్‌లో సింక్ కింద టైల్ పగిలి ఉంది' అని అందులో ఓనర్ చేతిరాతే ఉంది. ఇప్పుడు ఆ టైలుకే డబ్బు కోస్తానన్నాడు! ఆ పత్రాన్ని ఫోటో తీసి, రెండు వారాల గడువు పెట్టి ఉత్తరం పంపాం. ఓనర్ మళ్లీ టైలు మాట ఎత్తలేదు.

ఖాళీ చేసే నోటీసు మాత్రం ఈమెయిల్‌లో ఇస్తే చెల్లదు. సంతకం చేసిన కాగితమే పంపాలి. మామూలుగా 3 నెలల ముందు, నెలలో మూడో పనిదినంలోపు అందాలి. చెల్లిది రెండు రోజులు ఆలస్యమై ఒక నెల అద్దె అదనంగా పోయింది, పాపం. ఇంకో మాట, డిపాజిట్ చేతికి వచ్చేదాకా అక్కడి బ్యాంకు ఖాతా మూసేయకండి.

ధైర్యం చెప్పిన అన్నయ్యలకు, అక్కయ్యలకు దండాలు. అమ్మ టెన్షన్ తగ్గి రాత్రి హాయిగా నిద్రపోయింది.