సంక్రాంతికి ఊరెళ్ళొచ్చేసరికి రెండు కిలోలు పెరిగా, మళ్ళీ మొదలుపెట్టబుద్ధి కావట్లేదు

అక్టోబర్ నుంచి కష్టపడి 74 నుంచి 69కి వచ్చానండి. పొద్దున్నే నడక, రాత్రిళ్ళు అన్నం బదులు రెండు పుల్కాలు, టీలో పంచదార బంద్. పండక్కి భీమవరం వెళ్ళి నాలుగు రోజులు అరిసెలు, జంతికలు, కనుమ రోజు గారెలు కోడికూర అన్నీ తిన్నా, అమ్మ వడ్డిస్తుంటే వద్దనలేకపోయా. తిరిగొచ్చి చూస్కుంటే 71.2! ఏడుపొచ్చేసింది. వారం నుంచి వాకింగ్‌కి కూడా వెళ్ళట్లేదు, ఎలాగూ పోయిందిగా అని అమ్మ కట్టిచ్చిన అరిసెలు రోజూ మూడు నాలుగు లాగించేస్తున్నా. రెండు రోజులు లంఖణం చేస్తే దిగుతుందా?

జవాబు 1:
లంఖణాలు వద్దండి ప్లీజ్. ఒక్కసారి లెక్క చూడండి, కిలో కొవ్వు అంటే దాదాపు 7700 క్యాలరీలు, అంటే నాలుగు రోజుల్లో 2.2 కిలోల కొవ్వు పట్టాలంటే మీ మామూలు తిండి కాక రోజుకి ఇంకో నాలుగు వేల పైచిలుకు తినుండాలి, పండగైనా అంత తినలేం. అందులో ఎక్కువ భాగం నీరే. జంతికల్లో, పచ్చళ్ళలో ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజెన్‌గా నిల్వ అయ్యేటప్పుడు కూడా గ్రాముకి మూడు గ్రాముల దాకా నీళ్ళు చేరతాయి. మామూలు తిండికి వచ్చేస్తే కొన్ని రోజుల్లో అదే దిగుతుంది. మీ మూడు నెలల కష్టం ఎక్కడికీ పోలేదు. కాకపోతే ఈ వారం అరిసెలు మాత్రం ఆపాలి.

జవాబు 2:
నేనూ ఇలాగే చేశానండి. అన్నం పూర్తిగా మానేసి నలభై రోజులు ఉన్నా, ఆ తర్వాత ఒక పెళ్ళిలో బిర్యానీ కనపడగానే ఆగలేకపోయా, ఆ నెలంతా అంతే. ఇప్పుడు అన్నం మానలేదు, ఒకే గిన్నెతో కొలిచి పెట్టుకుంటా, మారు వడ్డించుకోను. మన హైదరాబాద్ తార్నాకలోని ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు చెప్పే ప్లేట్‌లో సగం కూరగాయలూ పండ్లే ఉంటాయి, అందుకే నేను ముందు బీరకాయో ఆనపకాయో కూర పెట్టుకుని మిగిలిన చోటులోనే అన్నం, పప్పు. నూనె కూడా చెంచాతో కొలిచి వేస్తా, ఒక్క టీస్పూనే 40 క్యాలరీల పైన. ఏడాదిన్నరలో 8 కిలోలు తగ్గా, నిదానమే కానీ మళ్ళీ పెరగలేదు.

జవాబు 3:
రోజూ బరువు చూస్కోవడం మానెయ్యమ్మా, ఆదివారం పొద్దున్నే పరగడుపున ఒక్కసారి చాలు. రేపు గంట నడవాలని పెట్టుకోకు, చెప్పులేసుకుని పది నిమిషాలు వెళ్ళిరా. అమ్మ వడ్డించేది ప్రేమతో, ఈసారి వెళ్ళినప్పుడు సగం అరిసె తిని మిగతాది నాన్నగారికి ఇవ్వు, ఆవిడా నొచ్చుకోరు.

ప్రశ్న అడిగినావిడ:
అందరికీ చాలా థ్యాంక్సండి, నీరని తెలిశాక ప్రాణం లేచొచ్చింది. ఇవాళ ఇరవై నిమిషాలు నడిచా. అరిసెల డబ్బా పక్కింటావిడకి ఇచ్చేశా, రెండు మాత్రం ఉంచుకున్నా, ఒకటి శనివారం ఒకటి వచ్చే శనివారం.