మాడ్యూల్ తీసేశాక ఫైల్ ఎండీ5సమ్ మారిపోతోంది: కోప్రాసెసర్ మెమరీ ఎప్పుడు వదలాలి?

బోర్డు_బ్రింగప్:
మా ఆడియో బోర్డులో లైనక్స్ నడిచే కోర్ల పక్కన ఒక చిన్న డీఎస్పీ (సౌండ్ పని చూసే కోప్రాసెసర్) ఉంది. దానికి రిమోట్‌ప్రాక్ (కోప్రాసెసర్లను స్టార్ట్, స్టాప్ చేసే లైనక్స్ భాగం) డ్రైవర్ నేనే రాశాను. ఫర్మ్‌వేర్ లోడ్ అవుతోంది, సౌండ్ బాగానే వస్తోంది. ఇబ్బందంతా ఆపేటప్పుడే. ఆ డ్రైవర్ మాడ్యూల్ తీసేసిన రెండు మూడు నిమిషాలకు ఏదో ఒక ప్రోగ్రామ్ సెగ్‌ఫాల్ట్ (మెమరీ తప్పుతో క్రాష్) అవుతుంది, ప్రతిసారీ వేరేది. నిన్న రాత్రి ఒక 40 ఎంబీ ఫైల్‌కు ఎండీ5సమ్ (ఫైల్‌లో ఏ బైట్ మారినా మారే గుర్తు సంఖ్య) తీస్తే మాడ్యూల్ ఉన్నప్పుడు ఒకటి, తీసేశాక ఇంకొకటి వచ్చింది. డ్రాప్ క్యాషెస్‌లో 3 రాసి (ర్యామ్‌లోని ఫైల్ కాపీలు వదిలించి) మళ్ళీ తీస్తే పాతదే! కేసాన్ (కెర్నల్‌లో మెమరీ తప్పులు పట్టే టూల్) ఆన్ చేసినా ఒక్క మాట చెప్పలేదు. నాలుగు రోజులుగా ఇదే టెన్షన్. ఎక్కడ వెతకాలో చెప్పగలరా?

సున్నా_పేజీ:
పాత సమ్ తిరిగి వచ్చిందంటే డిస్క్‌లో ఫైల్ క్షేమంగా ఉందండి. పాడైంది పేజ్ క్యాష్‌లోని, అంటే కెర్నల్ ర్యామ్‌లో ఉంచుకున్న కాపీ. మీ కార్వవుట్ (డీఎస్పీకి ఇచ్చిన మెమరీ ముక్క) సీఎంఏ (డ్రైవర్లకు పెద్ద వరుస ముక్కలు ఇచ్చే ప్రాంతం) నుంచి వస్తోందా? సీఎంఏ ప్రాంతాన్ని కెర్నల్ ఖాళీగా ఉంచదు. డ్రైవర్ వాడనప్పుడు అక్కడ పేజ్ క్యాష్, ప్రోగ్రాముల డేటా లాంటి కదపగలిగే పేజీలు పెడుతుంది. మీరు వదిలేసిన చోట డీఎస్పీ ఇంకా రాస్తోందని నా అనుమానం.

కేసాన్ మీద ఆశ పెట్టుకోకండి. అది సీపీయూ కోడ్‌లో కంపైలర్ పెట్టే తనిఖీ. బస్ మీద ఇంకొకరు రాసేది దానికి కనిపించదు. డీఎస్పీ ముందు ఐఓఎమ్ఎమ్‌యూ (పరికరాలు ఏ మెమరీని ముట్టుకోవచ్చో అదుపు చేసే హార్డ్‌వేర్) ఉంటే అది పట్టుకునేది. పాడైన కాపీని మంచి కాపీతో పోల్చి, తేడా ఉన్న బైట్లలో ఏముందో చూడండి.

బోర్డు_బ్రింగప్:
చూశాను. తేడాలన్నీ ఒకే పేజీలో, వరుసగా 512 బైట్లు. 16 బిట్ల చొప్పున చదివితే అంకెలు మెల్లగా పెరిగి, తగ్గి, మైనస్‌లోకి వెళ్ళి, సరిగ్గా 48 అంకెలకోసారి మొదటికి వస్తున్నాయి. మా శాంప్లింగ్ 48 కిలోహెర్ట్జ్. అంటే నేను టెస్ట్‌కు పెట్టిన 1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ ఫైల్ మధ్యలో కూర్చుంది. చూడగానే ఒళ్ళు జలదరించింది. ఆ పేజీని ఎవరైనా మార్చి సేవ్ చేసి ఉంటే ఈ చెత్త డిస్క్ మీదకే వెళ్ళిపోయేది.

రీసెట్_లైన్:
మీ స్టాప్ ఫంక్షన్‌లో ఏముంది? ఒక రీసెట్ బిట్ రాసి సున్నా రిటర్న్ చేస్తున్నారా? అదే అయితే తప్పు అక్కడే ఉంది.

షట్‌డౌన్‌లో రిమోట్‌ప్రాక్ కోర్ ఒక వరుస పాటిస్తుంది. ముందు పవర్ కౌంట్ తగ్గిస్తుంది. ఇంకెవరైనా వాడుతుంటే అక్కడే ఆగిపోతుంది. చివరివారు వదిలితేనే మీ స్టాప్‌ను పిలుస్తుంది. అది సున్నా ఇస్తే, ‘కోప్రాసెసర్ ఆగిపోయింది’ అని మీరు హామీ ఇచ్చినట్టు. దాన్ని నమ్మి కార్వవుట్లను విడుదల చేస్తుంది. స్టాప్ ఎర్రర్ ఇస్తే రిమోట్‌ప్రాక్ కోర్ పవర్ కౌంట్‌ను మళ్ళీ పెంచి, మెమరీని ముట్టుకోకుండా వెనక్కి వస్తుంది. అంటే కెర్నల్ తన జాగ్రత్త తను తీసుకుంది, అబద్ధం చెప్పింది మన డ్రైవరే.

నాకూ ఇదే ఎదురైంది. ఒక కెమెరా కోప్రాసెసర్‌కు చిప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్‌లో స్టాప్ ఫంక్షన్ కోప్రాసెసర్ కోర్‌ను రీసెట్‌లో పెట్టేది, నిజమే. కానీ డీఎంఏ ఇంజిన్ (కోర్ ప్రమేయం లేకుండా మెమరీలో రాసే భాగం) రీసెట్ లైన్ వేరు. కోర్ పడుకున్నా ఇంజిన్ తనకు ముందే అప్పగించిన డిస్క్రిప్టర్లను (ఏది ఎక్కడ రాయాలో చెప్పే పనులను) ఒక్కొక్కటిగా పూర్తి చేస్తూనే ఉండేది. రెండు వారాలు కోర్ వైపే చూశాం. చివరికి ఇంజిన్ స్టేటస్ రిజిస్టర్ చదివితే బిజీ బిట్ 1.

కాబట్టి స్టాప్‌లో ముందు మెయిల్‌బాక్స్ (రెండు ప్రాసెసర్లు సందేశాలు పంపుకునే దారి) మీద ‘ఆగు’ అని పంపి జవాబు కోసం ఆగండి. తర్వాత డీఎంఏ చానెళ్ళు ఆపి, బిజీ బిట్ సున్నా అయ్యేదాకా చూడండి. ఆ తర్వాతే కోర్ రీసెట్. సున్నా రిటర్న్ చేయాల్సింది అప్పుడు.

డీటీఎస్_రాజు:
ఇంత శ్రమ ఎందుకండీ? డివైస్ ట్రీలో (కెర్నల్‌కు బోర్డు హార్డ్‌వేర్‌ను వివరించే ఫైల్‌లో) రిజర్వ్‌డ్ మెమరీ పెట్టి నో-మ్యాప్ అంటే సరిపోదా? ఎస్‌టీఎం32ఎంపీ157 చిప్‌లో ఎం4 కోప్రాసెసర్ కోసం ఎస్‌రామ్ ముక్కలను అలాగే విడిగా రాసి ఉంచుతారు, వీరింగ్‌లకు (రెండు వైపులా సందేశాలు మార్చుకునే బఫర్ వరుసలకు) 4 కేబీ చొప్పున. ఆ చోటు కెర్నల్ ఇంకెవరికీ ఇవ్వదు.

రీసెట్_లైన్:
రిజర్వ్ చేయడం మంచిదే, నేనూ చేస్తాను. కానీ దీనికి అది మందు కాదు. పాత డీఎంఏ ఆగకపోతే అది రాసేది మీరు మళ్ళీ లోడ్ చేసిన కొత్త ఫర్మ్‌వేర్ మీద. అప్పుడు క్రాష్ డీఎస్పీ వైపు వస్తుంది. దాన్ని వెతకడం ఇంకా కష్టం.

డీటీఎస్_రాజు:
అవును, రెండోసారి స్టార్ట్ చేసే సంగతి ఆలోచించలేదు.

ఇనిట్‌రామ్:
ఇదే డ్రైవర్‌ను రేపు కెర్నల్‌లోనే బిల్ట్-ఇన్ చేస్తే ఇంకోటి తగులుతుంది, ఇప్పుడే చెబుతున్నా. రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాకముందే డ్రైవర్ ప్రోబ్ అవుతుంది (పని మొదలుపెడుతుంది), ఫర్మ్‌వేర్ దొరకలేదని మైనస్ 2 వస్తుంది. ఫైల్ పేరు తప్పేమో అని నేను ఒక పూట వృథా చేశాను. ఫర్మ్‌వేర్‌ను ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో ర్యామ్‌లో ఉండే చిన్న ఫైల్‌సిస్టమ్‌లో) పెట్టండి. మాడ్యూల్‌గానే ఉంచితే మాడ్యూల్ ఫర్మ్‌వేర్ మాక్రో రాయండి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారుచేసే టూల్స్ దాన్ని చూసి ఫైల్‌ను తెచ్చుకుంటాయి.

డీఎస్పీ క్రాష్ డంప్ (క్రాష్ సమయంలో దాని మెమరీ కాపీ) వాడుతుంటే వెంటనే కాపీ చేసుకోండి. దాన్ని అందించే కెర్నల్ భాగం డెవ్‌కోర్‌డంప్ దాన్ని 5 నిమిషాలే ఉంచి తీసేస్తుంది.

బోర్డు_బ్రింగప్:
రీసెట్_లైన్ గారూ, మీరన్నట్టే నా స్టాప్‌లో ఉన్నది రెండే లైన్లు: ఒక రాత, ఒక రిటర్న్ సున్నా. మీరు చెప్పిన వరుసలో మార్చాను, జవాబుకు గడువు 500 మిల్లీసెకన్లు పెట్టాను. రాత్రంతా స్క్రిప్ట్‌తో 300 సార్లు స్టార్ట్, స్టాప్ చేయించి ప్రతిసారీ ఎండీ5సమ్ పోల్చాను. ఒక్కసారీ మారలేదు.

ఒక్కసారి మాత్రం, 212వ సారి, డీఎస్పీ గడువులోగా పలకలేదు. స్టాప్ ఎర్రర్ ఇచ్చింది. స్టేట్ ఫైల్ ఇంకా రన్నింగ్ అనే చూపించింది, మెమరీ మా దగ్గరే ఉండిపోయింది. రెండో ప్రయత్నంలో ఆగింది. ఆ ఆలస్యం ఎందుకో ఫర్మ్‌వేర్ రాసినవాళ్ళతో ఇవాళ కూర్చుంటున్నాను. డీఎస్పీ లాగ్ ఉండే ట్రేస్ బఫర్ తీసి పెట్టాను.