ఉస్మానియా 1969 నాటి విద్యార్థుల జ్ఞాపకాలు: ఎలా రికార్డు చేయాలి?

ప్రశ్న: 1969లో ఉస్మానియా హాస్టళ్లలో ఉన్న ఆరుగురిని మాట్లాడించబోతున్నాం. అందరూ 75 దాటినవారే, ఆలస్యం చేయలేం. మా దగ్గర ఒక ఫోను, కాలర్ మైకు ఉన్నాయి. సెట్టింగులు ఎలా పెట్టాలి? తెలంగాణ ఉద్యమంతో పాటు రోజువారీ హాస్టల్ జీవితం కూడా రావాలంటే ఏం అడగాలి?

జవాబు 1: వేవ్ (WAV, కుదించని ఆడియో) ఫైలు ఇచ్చే యాప్ వాడండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో (ఒకే చానెల్) అయితే గంటకు సుమారు 520 ఎంబీ పడుతుంది. మైకు గడ్డానికి జానెడు కింద పెట్టండి. కండువా, పట్టుచీర అంచు రాసుకుంటే వచ్చే గరగర తర్వాత పోదు. సీలింగ్ ఫ్యాను గాలి మైకుకు తగిలినా అంతే. అలాగని పెద్దవారిని ఉక్కలో కూర్చోబెట్టకండి. టేబుల్ ఫ్యాను పక్కనుంచి, కాళ్ల వైపు తిప్పండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగు ఆగిపోవచ్చు. ముందు ఒక నిమిషం రికార్డు చేసి హెడ్‌ఫోన్స్‌తో వినండి. ఫైలును వాట్సాప్‌లో ఆడియోగా పంపొద్దు, నాణ్యత పడిపోతుంది. అదే రోజు కేబుల్‌తో రెండు చోట్లకు కాపీ చేసుకోండి.

జవాబు 2: "ఉద్యమం గురించి చెప్పండి" అని మొదలుపెట్టారా, ఇన్నేళ్లుగా సభల్లో చెప్పిన ప్రసంగమే మళ్లీ వస్తుంది. గదిలో ఎంతమంది ఉండేవారు, మంచం ఎటువైపు, మెస్ బిల్లు ఎవరు కట్టేవారు, ఇంటికి ఉత్తరం ఎన్నాళ్లకోసారి రాసేవారు, వీటితో మొదలుపెట్టండి. గది కళ్లకు కట్టాక ఉద్యమం దానంతటదే వస్తుంది, అప్పుడు మీరు మాట్లాడకండి. చెప్పేవారు ఆగినా పది సెకన్లు ఓపిక పట్టండి. అసలు మాట చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది.

"69 బ్యాచ్" అంటే చేరిన ఏడా, పాసైన ఏడా తప్పక అడగండి. 1969 ఘటనలూ 1972 జై ఆంధ్ర ఉద్యమం నాటివీ జ్ఞాపకంలో కలిసిపోతుంటాయి. తారీఖు పట్టుబట్టకుండా "అప్పుడు మీరు ఏ క్లాసు?" అనండి. పాత ఫొటో చూపిస్తే అందులో ఎవరెవరు ఎటువైపు ఉన్నారో పైకి చెప్పించండి. "ఇతనే" అంటే ఆడియోలో ఎవరికీ తెలియదు. గంటన్నర దాటనివ్వకండి, ఇంకోరోజు వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరు రూమ్మేట్లు కలిసే మాట్లాడతామంటున్నారండీ, ఫర్వాలేదా?

జవాబు 2: ముందు విడివిడిగా, తర్వాత కలిపి. కలిపితే గట్టిగా మాట్లాడేవారి జ్ఞాపకమే ఇద్దరిదీ అయిపోతుంది. ఆ రోజు రెండు మైకులు కావాలి.

జవాబు 3: అనుమతి పత్రం తెలుగులో రాసుకోండి: ఎవరు వినవచ్చు, ఏ భాగం ఎప్పటిదాకా మూసి ఉంచాలి, పేరు వేయాలా వద్దా. సంతకం రికార్డింగు అయ్యాక తీసుకోండి, ఏం చెప్పారో అప్పుడే వారికి తెలుస్తుంది. బతికున్న మూడోవ్యక్తి మీద ఆరోపణ చేస్తే ఆ నిమిషం గుర్తు పెట్టుకుని, బయటపెట్టే ముందు ఆ మాట చెప్పినవారితో మళ్లీ మాట్లాడండి.