కొత్త ఊళ్లో జింకల వేటకు తోడు: ముఖపరిచయం లేనివారితో తుపాకీ పట్టుకుని అడవికి వెళ్లవచ్చా?

మాడిసన్ కొత్తవాసి:

అందరికీ నమస్కారం. డాలస్‌లో ఆరేళ్లు ఉండి, ఉద్యోగం మారడంతో ఈ జూలైలో కుటుంబంతో సహా విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌కు వచ్చాను. డాలస్‌లో మా ఆఫీసులోని ఒక పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లి జింకల వేట నేర్పారు. టెక్సాస్‌లో 90 శాతానికి పైగా భూమి ప్రైవేటు యజమానులదే కాబట్టి, అక్కడ వేట అంటే ఏటా కౌలు కట్టి ఏదో ఒక రాంచ్‌లో చోటు సంపాదించుకోవడమే. ఆ కౌలులో మరో నలుగురైదుగురు వాటాదారులు ఉంటారు కనుక తోడు కోసం విడిగా వెతుక్కోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. ఇక్కడ ప్రభుత్వ అడవులు కావలసినన్ని ఉన్నాయి, తోడు మాత్రం లేదు.

థాంక్స్‌గివింగ్‌కు ముందు వచ్చే శనివారం 9 రోజుల తుపాకీ సీజన్ మొదలవుతుంది. ఇప్పటికి రెండు పిలుపులు వచ్చాయి. మొదటిది నలుగురు తెలుగువారి జట్టు నుంచి. వారు ప్రభుత్వ భూమిలో జింకలను తోలుకుంటూ వేటాడతారట. రెండవది మా వీధి చివర ఉండే ఒక స్థానికుడి నుంచి. చెత్తడబ్బాల దగ్గర రెండుసార్లు మాట్లాడుకున్న పరిచయం తప్ప ఆయన గురించి నాకు ఏమీ తెలియదు. ఒంటరిగా వెళితే మా ఆవిడ ఒప్పుకోదు. నాకేమో తెలియని మనిషి చేతిలో తుపాకీ ఉండటమే ఎక్కువ భయంగా ఉంది. మూడేళ్ల కిందట మాతో వచ్చిన ఒక కొత్త మనిషి వ్యానులో గుండు నింపిన రైఫిల్‌ను తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, దాని గొట్టం నా మోకాలి వైపు ఉంది. ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. ఒంటరిగా వెళ్లడమే నయమని నా మనసుకు తోస్తోంది. మీ అనుభవం ఏమిటో చెప్పగలరు.

ఒంటరి మంచె:

మీ మనసుకు తోచిందే సరైనదని నా అభిప్రాయం. నేను ఈ రాష్ట్రంలో పదకొండు సీజన్లుగా ఒక్కడినే వేటాడుతున్నాను. ఉత్తరాన ఉన్న షెక్వామెగాన్-నికొలే జాతీయ అడవి ఒక్కటే సుమారు 15 లక్షల ఎకరాలు. రోడ్డు నుంచి ఒక మైలు లోపలికి నడవగలిగితే మొదటి శనివారం కూడా మరో మనిషి కనిపించని చోట్లు అక్కడ ఉన్నాయి. మంచె ఎక్కేవాడికి అసలు గండం పడిపోవడం. దానికి మందు ఒంటినిండా బిగించే భద్రతా పట్టీ, అదీ నేల మీద ఉండగానే కట్టుకోవాలి. ఏ చోటికి వెళుతున్నానో, ఏ గంటకు తిరిగి వస్తానో కాగితం మీద రాసి మా ఇంట్లో ఫ్రిజ్‌కు అంటించి వెళతాను.

ముఖ్యంగా ఆ తోలుడు వేటకు వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. కొందరు పొదల్లోంచి జింకలను తరుముతూ రావాలి, మిగిలినవారు అవతలి అంచున కాపు కాయాలి. పరుగెత్తే జింక మీద కాల్చే తూటా గురితప్పినప్పుడు, దాని వెనక ఎవరు నడిచి వస్తున్నారో కాల్చేవాడికి తెలిసి ఉండాలి. పదేళ్లు కలిసి తిరిగినవారికి ఆ లెక్క అలవాటై ఉంటుంది, వాట్సాప్‌లో కుదిరిన జట్టుకు ఉండదు.

గ్రీన్‌బే పాతకాపు:

ఒంటరి మంచె గారి జాగ్రత్తల మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ సలహాతో ఏకీభవించలేను. పదకొండేళ్ల అనుభవం ఉన్నవారికి సరిపడే పద్ధతిని నాలుగు నెలల కిందట వచ్చిన మనిషికి చెప్పడం భావ్యం కాదు. తెలియని అడవిలో చీకటి పడ్డాక రక్తపు జాడ వెంట నడవవలసి రావచ్చు, డెబ్బై కిలోల జింకపోతును మంచులో ఈడ్చుకు రావలసి రావచ్చు. ఫోను పలకని చోట కాలు బెణికినా చాలు.

ఇంకొక సంగతి ఉంది, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. 2004 నవంబరులో సాయర్ కౌంటీలో ఒక హ్మాంగ్ (ఆగ్నేయాసియా నుంచి వలస వచ్చిన జాతి) వేటగాడు పొరపాటున ప్రైవేటు భూమిలోని మంచె ఎక్కాడు. దాని మీద మొదలైన వాగ్వాదం కాల్పుల దాకా వెళ్లి ఆరుగురు స్థానికుల ప్రాణాలు పోయాయి. 2007 జనవరిలో పెష్టిగో దగ్గర ఉడుతల వేటకు వెళ్లిన మరో హ్మాంగ్ వ్యక్తిని ఒక తెల్లజాతి వేటగాడు చంపాడు. నేను అప్పటికే ఇక్కడ ఉన్నాను, ఆ రోజుల్లో కొట్టిన జింకను నమోదు చేయించే చెక్‌పోస్టుల దగ్గర మావంటి ముఖాలను జనం ఎలా చూసేవారో గుర్తుంది. కాలం మారింది, ఇప్పుడు అంత లేదు. అయినా సరిహద్దు కంచె దగ్గర ఎవరైనా ఎదురై ‘‘నువ్వెవరు’’ అని అడిగినప్పుడు, ‘‘నేను ఫలానావారితో వచ్చాను’’ అని చెప్పగలిగిన మనిషికీ, చెప్పలేని మనిషికీ ఎంతో తేడా ఉంటుంది. అందుకే మీకు స్థానికుడి తోడు కావాలంటున్నాను.

అయితే ఆ తోడును ఎప్పుడు, ఎలా అడగాలన్న దగ్గరే మనవాళ్లు చాలామంది పొరపాటు చేస్తారు. మొదటి శనివారం ఇక్కడివారికి ఒక ఇంటి పండుగ. శుక్రవారం రాత్రికే తాతలు, కొడుకులు, మనవలు అడవిలోని తమ క్యాబిన్‌కు చేరుకుంటారు. ఏ మంచె ఎవరిదో ముప్పై ఏళ్లుగా నిర్ణయమై ఉంటుంది. ఆ రోజున నాకూ చోటివ్వండి అని అడగడం, సంక్రాంతి భోజనానికి పిలవకుండానే విస్తరి వేయమన్నట్లు ఉంటుంది. వారు మొహమాటంగా కాదంటారు, మీరు చిన్నబుచ్చుకుంటారు. 9 రోజుల సీజన్ అయిన వెంటనే 10 రోజులు మజిల్‌లోడర్ (గొట్టం ముందు నుంచి మందు నింపే తుపాకీ) సీజన్ ఉంటుంది, ఆ తరువాత డిసెంబరులో 4 రోజులు కొమ్ములు లేని జింకలకు మాత్రమే వేట ఉంటుంది. అప్పటికి క్యాబిన్లు ఖాళీ అవుతాయి, చలి పెరుగుతుంది, వెంట వచ్చే మనిషి కోసం స్థానికులే చూస్తుంటారు. డిసెంబరు కోసం అడగండి.

అడగడానికి ముందు పని చేయండి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మంచెలు బాగుచేస్తారు, వాటి ముందు కొమ్మలు నరికి చూపు మేర దారులు తీస్తారు, వాటికి మనుషులు కావాలి. నన్ను మొదట పిలిచిన రైతు నాకు ఇచ్చిన మొదటి పని ముళ్లకంచె కింద పడిన చెట్టు కోయడం. రెండేళ్ల తరువాత తన భూమిలో ఒక మూల నాకు చూపించాడు. పంట నష్టానికి రాష్ట్ర పథకం కింద పరిహారం కోరే రైతులు వేటగాళ్లను తమ భూమిలోకి రానివ్వాలన్న షరతు ఉంది. అటువంటి పొలాల వివరాలు కౌంటీ కార్యాలయంలో అడిగితే చెబుతారు. విస్కాన్సిన్ కన్సర్వేషన్ కాంగ్రెస్ 1934 నుంచి ఉన్న సంస్థ; ఏటా వసంతంలో 72 కౌంటీల్లోనూ సభలు పెట్టి వేట నియమాల మీద ప్రజల ఓటు అడుగుతుంది. ఆ సభకు వెళ్లి వెనక వరుసలో కూర్చున్నా మీ కౌంటీలో వేటాడేవారిలో పది మంది ముఖాలు తెలుస్తాయి.

హెచ్-1బి వేటగాడు:

తెలుగు జట్టు విషయంలో ఒక్క మాట. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. అంటే లైసెన్సు గడువు తీరిన రోజున ఆ మినహాయింపు కూడా పోతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు. జట్టులో ఎవరి వీసా ఏమిటో, ఎవరి లైసెన్సు ఎప్పటిదో తెలియకుండా ‘‘నా రైఫిల్ కాసేపు పట్టుకో తమ్ముడూ’’ అని చేతికిస్తే, తీసుకున్నవాడితో పాటు తెలిసి ఇచ్చినవాడు కూడా ఇరుక్కుంటాడు. మనవాళ్లలో ఇది అడగడం అమర్యాద అనుకుంటారు. నేను అడుగుతాను, నా కాగితాలు ముందు చూపించి మరీ అడుగుతాను.

లా క్రాస్ డాక్టరమ్మ:

పాతకాపు గారు చెప్పినదానిలో చాలా భాగం నిజమే గానీ, రెండేళ్లు కంచెలు బాగుచేస్తే తప్ప చోటు దొరకదన్న ధోరణి నాకు నచ్చలేదు. నేను ఒక ఆడమనిషిని, పైగా పరాయి దేశం నుంచి వచ్చినదాన్ని. తెలియని రైతు పొలంలో రెండేళ్లు ఒక్కదాన్నే పనిచేయమనే సలహాను నా వంటివారు పాటించలేరు. నాకు తోడు దొరికింది వేరే దారిలో. రాష్ట్ర సహజవనరుల శాఖ కొత్తగా వేట నేర్చుకునేవారి కోసం ‘లర్న్ టు హంట్’ కార్యక్రమాలు నడుపుతుంది; ఒక్కొక్క కొత్తవారికి ఒక్కొక్క అనుభవజ్ఞుడిని జతచేస్తారు. మాడిసన్ సోదరుడికి వేట ముందే వచ్చు కనుక నేర్చుకునేవాడిగా కాక సాయం చేసేవాడిగా వెళ్లవచ్చు. అక్కడ మనుషులను పదిమంది మధ్య, పగటి వెలుగులో చూస్తాం.

పరిచయం లేకపోవడం ఒక్కటే ప్రమాదమని కూడా నేను అనుకోను. మీ వ్యానులో మోకాలికి గొట్టం పెట్టిన మనిషిని మీకు ఎవరో తెలిసినవారే తీసుకువచ్చి ఉంటారు కదా. మనిషి ఎవరన్నది కాదు, తుపాకీ దగ్గర ఎలా ఉంటాడన్నదే ఇక్కడ చూడవలసింది. ఇక్కడి వేట శిక్షణలో నాలుగు సూత్రాలు చెబుతారు. ప్రతి తుపాకీనీ గుండు నింపినదిగానే చూడాలి, గొట్టాన్ని ఎప్పుడూ ప్రమాదం లేని వైపే ఉంచాలి, గురినీ దాని వెనక ఉన్నదాన్నీ తేల్చుకోవాలి, కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు. ఎవరితోనైనా అడవికి వెళ్లే ముందు ఒకసారి షూటింగ్ రేంజ్‌కు వెళ్లండి. సీజన్‌కు ముందు అందరూ రైఫిల్ గురి సరిచూసుకోవలసిందే కనుక ఆ పిలుపు ఎవరికీ తప్పుగా తోచదు. ఒక గంటలో ఆ నాలుగు సూత్రాలు ఆ మనిషికి అలవాటో కాదో తెలిసిపోతుంది.

మరొక విషయం, వైద్యురాలిగా చెబుతున్నాను. జింకల మెదడును తినేసే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే జబ్బు ఈ రాష్ట్రంలో మొదట 2002లో బయటపడింది మాడిసన్ ఉన్న డేన్ కౌంటీలోనే. మనిషికి సోకినట్లు ఇంతవరకు రుజువు కాలేదు, అయినా జబ్బు ఉన్నట్లు తేలిన జింక మాంసం తినవద్దని ప్రజారోగ్య సంస్థలు చెబుతున్నాయి. రాష్ట్రం పరీక్షకు డబ్బు తీసుకోదు. జట్టుగా వేటాడి మాంసం పంచుకునేటట్లయితే, ఫలితం వచ్చేవరకు ఏ జింక మాంసం ఏ సంచిలో ఉందో విడిగా రాసిపెట్టుకోవాలి. ఈ మాటకు ‘‘మేం ఇరవై ఏళ్లుగా తింటున్నాం’’ అని కొట్టిపారేసే తోడు నాకు వద్దు.

ఒంటరి మంచె:

డాక్టరమ్మ గారు చెప్పిన రేంజ్ సలహాను ఒప్పుకుంటున్నాను. నేను ఇన్నాళ్లూ మనిషినే అనుమానించాను, మనిషిని పరీక్షించే మార్గం గురించి ఆలోచించలేదు. ఒంటరిగా వెళ్లడం తప్పన్న పాతకాపు గారి మాటను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. మీరు చెప్పిన 2004 ఘటన నుంచి నేను నేర్చుకున్నది సరిహద్దుల గురించి. ఫోనులో భూమి హద్దుల పటం ముందే దించుకుని, ఎవరి భూమిలో నిలబడి ఉన్నానో ప్రతి క్షణం తెలుసుకుని ఉంటే వాగ్వాదానికి తావు చాలావరకు ఉండదు.

ఇంకొక హెచ్చరిక. ఇక్కడి చట్టం ప్రకారం తుపాకీతో జట్టుగా వేటాడేటప్పుడు, ఫోను గానీ రేడియో గానీ లేకుండా కంటికి కనిపించేంత లేదా కేక వినిపించేంత దగ్గరలో ఉన్న సహచరుడి ట్యాగు (ఒక జింకను కొట్టడానికి ఇచ్చే అనుమతి చీటీ) మీద మరొకరు జింకను కొట్టవచ్చు. దీనివల్ల కొన్ని జట్లకు కొత్త మనిషి కన్నా అతని జేబులోని ట్యాగు మీద ఆశ ఎక్కువ. పిలిచినవారు మీ రైఫిల్ గురించి, మీ అనుభవం గురించి అడగకుండా మొదటే మీ దగ్గర ఏ ట్యాగులు ఉన్నాయని అడిగితే ఆ పిలుపును మర్యాదగా వదులుకోండి.

గ్రీన్‌బే పాతకాపు:

ట్యాగు సంగతి నిజం, నాకూ ఒకసారి జరిగింది. డాక్టరమ్మ గారూ, నా సలహా మగవాడి కోణం నుంచే వచ్చిందన్న మీ మాటను అంగీకరిస్తున్నాను. పని చేయమన్నది చోటు కొనుక్కోవడానికి కాదు, మనిషిని తుపాకీ లేనప్పుడు చూడటానికి. మీరు రేంజ్‌లో చూడమంటున్నది నేను పొలంలో చూడమన్నాను, అంతే తేడా.

మాడిసన్ కొత్తవాసి:

ఇంత శ్రద్ధగా జవాబులు రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. తెలుగు జట్టుకు ఫోను చేసి లైసెన్సుల గురించి అడిగాను. ఇద్దరి దగ్గర ఉన్నాయి, మిగిలిన ఇద్దరు తీసుకుందాములే అన్నారు. పైగా నా ఆడజింక ట్యాగులు ఎన్ని అని రెండో మాటలోనే అడిగారు. ఈ ఏడాదికి రాలేనని చెప్పాను. అవతలివారు కొంచెం నొచ్చుకున్నారు. ఊళ్లో రేపు ఏ పెళ్లిలోనో ఎదురుపడవలసినవారే కనుక నాకూ బాధగానే ఉంది, కానీ మాట మార్చుకోను.

మొదటి శనివారం మా ఆవిడకు ఇచ్చిన మాట ప్రకారం ఇంట్లోనే ఉంటాను. వీధి చివరి పెద్దాయనను డిసెంబరు వేట గురించి అడిగాను. ఆయన అప్పటికప్పుడు సరేనని అనలేదు. తన అన్నదమ్ముల భూమి అనీ, వారిని అడగాలనీ అన్నారు, ఆ జవాబే నాకు నమ్మకం కలిగించింది. ఆయన కూడా రైఫిల్ గురి సరిచూసుకోవాలట, అందుకని ఈ ఆదివారం ఉదయం ఎనిమిదింటికి రేంజ్‌లో కలుస్తున్నాం. ఆయన రైఫిల్‌ను కేసులోంచి బయటికి తీసేటప్పుడు గొట్టం ఎటు తిరుగుతుందో చూస్తాను. నాది తీసేటప్పుడు ఆయనా అదే చూస్తారు కాబట్టి, ఈ రెండు రాత్రులూ ఖాళీ రైఫిల్‌తో సాధన చేస్తున్నాను.