డిడబ్ల్యూఎం బార్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి, తెలుగు లేఅవుట్ పెడితే షార్ట్‌కట్లు పోతున్నాయి

పలక_బలపం

డెబియన్ 12 మీద డిడబ్ల్యూఎం 6.5 (కిటికీలను తెరమీద సర్దే విండో మేనేజర్). డిస్ట్రో ప్యాకేజీ కాదు, గిట్ నుంచి సోర్సు దించి కంపైల్ చేసింది. షార్ట్‌కట్లన్నిటికీ కలిపి నొక్కే మాడ్‌కీని ఆల్ట్ నుంచి విండోస్ కీకి మార్చాను (మోడ్1మాస్క్ తీసి మోడ్4మాస్క్). రంగులు, రూల్స్ కుదిరాయి. ఇక్కడ ఆగిపోయాను:

1. కిటికీల మధ్య ఖాళీ వదిలే వెనిటీగ్యాప్స్ ప్యాచ్ తప్పుల్లేకుండా ఎక్కింది. మేక్ కొడితే మాత్రం "గ్యాప్‌ఐహెచ్ అన్‌డిక్లేర్డ్" అంటోంది. కాన్ఫిగ్.డెఫ్.హెచ్ తెరిచి చూస్తే ఆ లైను అక్కడే ఉంది.

2. ఫాంట్స్ వరుసలో మోనోస్పేస్ తర్వాత "నోటో సాన్స్ తెలుగు:సైజ్=10" చేర్చాను. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి, కానీ "స్త్రీ" అన్నచోట స, పొల్లు, త, పొల్లు, ర విడివిడిగా వరసకట్టి కనిపిస్తున్నాయి. "కి"లో తలకట్టు అలాగే ఉండి పక్కన గుడి వచ్చి పడుతోంది. అదే శీర్షిక బ్రౌజర్ లోపల చక్కగా ఉంది.

3. కీబోర్డు లేఅవుట్ మార్చే సెట్‌ఎక్స్‌కెబిమ్యాప్‌తో "ఇన్", వేరియంట్ "టెల్" పెట్టగానే మాడ్+పి, మాడ్+జె పనిచేయవు. విచిత్రం ఏమిటంటే మాడ్+షిఫ్ట్+ఎంటర్‌కి టెర్మినల్ వస్తూనే ఉంది.

---

గీతల_చొక్కా

మొదటిది డిడబ్ల్యూఎం మొదలుపెట్టిన ప్రతివాళ్లకీ తగిలేదే. ప్యాచ్‌లు మార్చేది కాన్ఫిగ్.డెఫ్.హెచ్‌ని, కంపైలర్ చదివేది కాన్ఫిగ్.హెచ్‌ని. మేక్‌ఫైల్ కాన్ఫిగ్.హెచ్ లేనప్పుడే డెఫ్ నుంచి కాపీ తీస్తుంది. ఒకసారి పుట్టాక దాని జోలికి పోదు, మేక్ క్లీన్ కొట్టినా చెరపదు. మీ డిడబ్ల్యూఎం.సి లోని క్రియేట్‌మాన్ ఫంక్షన్ కొత్త వేరియబుల్‌ని అడుగుతోంది, మీ పాత కాన్ఫిగ్.హెచ్‌లో అది లేదు. రెండు ఫైళ్లకూ డిఫ్ -యు కొట్టి తేడా చూడండి, అంతా అక్కడే బయటపడుతుంది.

తాత్కాలికంగా ఆ లైన్లు కాన్ఫిగ్.హెచ్‌లోకి దింపుకోవచ్చు. లేఅవుట్స్ వరుస పైన "ఇన్‌క్లూడ్ వెనిటీగ్యాప్స్.సి" అనే లైను కూడా రావాలి, దాన్ని మరిచిపోతే ఇంకో ఎర్రర్ మొదలవుతుంది. నన్నడిగితే మీ మార్పులన్నీ కాన్ఫిగ్.డెఫ్.హెచ్‌లోనే చేసి కమిట్ కొట్టండి, ప్రతి బిల్డ్‌కి ముందు కాన్ఫిగ్.హెచ్ తీసేయండి. అప్పుడు ప్యాచ్‌కీ మీ మార్పుకీ గొడవ వస్తే గిట్ అక్కడికక్కడే చూపిస్తుంది.

ఇంకోటి. మొదటిసారే "సుడో మేక్ క్లీన్ ఇన్‌స్టాల్" కొట్టి ఉంటే కాన్ఫిగ్.హెచ్ రూట్ పేరు మీద ఉంటుంది. ఎడిటర్ సేవ్ చేయనివ్వకపోతే కారణం అదే. మేక్ మామూలు యూజర్‌గా, ఇన్‌స్టాల్ ఒక్కటే సుడోతో.

---

కుడిఎడమల

మూడోది చూద్దాం. మీరు విచిత్రం అన్నదే అసలు ఆధారం.

డిడబ్ల్యూఎం షార్ట్‌కట్లను పట్టుకునేటప్పుడు ఒక్కో కీకి కీబోర్డు మ్యాప్‌లోని మొదటి గడిలో ఏ అక్షరం ఉందో చూస్తుంది: మొదటి గ్రూపు, షిఫ్ట్ లేని మెట్టు. "ఇన్" ఒక్కటే పెడితే మొదటి గ్రూపే తెలుగైపోతుంది. పి, జె ఆ గళ్లలో ఎక్కడా ఉండవు. మ్యాప్ మారిన కబురు అందగానే డిడబ్ల్యూఎం గ్రాబ్‌కీస్ మళ్లీ నడుపుతుంది, దొరకని వాటిని వదిలేస్తుంది. ఎంటర్ కీ ఏ లేఅవుట్‌లోనైనా ఎంటరే కాబట్టి టెర్మినల్ బతికిపోయింది.

కోడ్ ముట్టుకోనక్కర్లేదు. ఇంగ్లీషు మొదట, తెలుగు రెండో గ్రూపుగా ఇవ్వండి:

సెట్‌ఎక్స్‌కెబిమ్యాప్ -లేఅవుట్ యుఎస్,ఇన్ -వేరియంట్ ,టెల్ -ఆప్షన్ జిఆర్‌పి:క్యాప్స్_టాగుల్

వేరియంట్‌లో "టెల్"కి ముందు కామా తప్పనిసరి. లేకపోతే అది యుఎస్‌కి అంటుకుంటుంది. ఈ లైను ఎక్స్ (గ్రాఫిక్ తెరని నడిపే సర్వర్) మొదలయ్యేటప్పుడు నడిచే .ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సిలో డిడబ్ల్యూఎం కంటే పైన పెట్టండి.

భాష మార్చే కీ ఎంచుకునేటప్పుడు కాస్త చూసుకోండి. విన్_స్పేస్_టాగుల్ పెడితే మాడ్+స్పేస్‌తో ఢీకొంటుంది, డిడబ్ల్యూఎంలో అది కిటికీల లేఅవుట్ తిప్పే కీ. ఆల్ట్_షిఫ్ట్_టాగుల్ మీకు ఇప్పుడు పర్వాలేదు, మాడ్‌కీ ఆల్ట్‌గా ఉన్నవాళ్లకి మాత్రం నరకం. క్యాప్స్ లాక్ ఎలాగూ ఎవరూ వాడరు కాబట్టి దానికే అప్పగించడం మేలు.

ఇన్‌స్క్రిప్ట్ (ఈ తెలుగు లేఅవుట్ పేరు అదే) రానివాళ్లు ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ సాధనాలు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్‌లోనో ఐట్రాన్స్‌లోనో కొట్టుకోవచ్చు. అప్పుడు అసలు లేఅవుట్ యుఎస్‌గానే ఉంటుంది, షార్ట్‌కట్లకు ఢోకా లేదు. కాకపోతే ఐబస్ మామూలుగా వచ్చే మార్పు కీ కూడా విండోస్+స్పేసే, దాన్నీ మార్చాలి. దాని ఐకాన్ బార్‌లో కనబడాలంటే సిస్‌ట్రే ప్యాచ్ వేరే ఎక్కించాలి.

---

ముత్యాలకోవ

రెండోదానికి ఫాంట్ ఎన్ని మార్చినా లాభం లేదు. అది ఫాంట్ లోపం కాదు.

బార్ మీద రాసేది డ్రా.సి (సోర్సులో పేరు డిఆర్‌డబ్ల్యూ.సి) ఫైలు. అది ఎక్స్‌ఎఫ్‌టి లైబ్రరీకి అక్షరాల వరస ఇస్తుంది. ఎక్స్‌ఎఫ్‌టి ఒక్కో కోడ్‌పాయింట్‌కి ఫాంట్‌లో ఒక్కో బొమ్మ తీసి పక్కపక్కన పేరుస్తుంది. "స్త్రీ"లో ఆరు కోడ్‌పాయింట్లు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. వీటిని చూసి తావత్తు, క్రావడి ఎక్కడ పెట్టాలో, తలకట్టు ఎప్పుడు తీసేయాలో తేల్చేది ఫాంట్‌లోని ఓపెన్‌టైప్ నియమాలు. వాటిని చదివి అమలు చేసే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. బ్రౌజర్లో అది ఉంది, డ్రా.సిలో లేదు. ఇంగ్లీషుకి ఈ పని అవసరం పడదు కాబట్టి తేడా కనబడదు. ప్రోగ్రాంలు తెరిచే డీమెనూ కూడా ఇదే డ్రా.సి వాడుతుంది, అక్కడా ఇదే అవతారం. అదే పని చేసే రోఫీ, పాంగో అనే అక్షరాలు పేర్చే లైబ్రరీ మీద నడుస్తుంది, అందులో తెలుగు సరిగ్గా వస్తుంది.

దారి: డిడబ్ల్యూఎం పాంగో ప్యాచ్. పాంగో లోపల హార్ఫ్‌బజ్ ఉంటుంది. ప్యాచ్ ఎక్కించాక ఫాంట్ రాసే తీరు మారుతుంది. వరుస ఉండదు, ఒకే పేరు; "సైజ్=" ఉండదు, "నోటో సాన్స్ తెలుగు 10" అని పేరు తర్వాత ఖాళీ వదిలి అంకె. పాత పద్ధతిలో రాస్తే ఎర్రర్ ఏమీ రాదు, వేరే ఏదో ఫాంట్ వచ్చి కూర్చుంటుంది.

---

గీతల_చొక్కా

ముత్యాలకోవ గారూ, విషయం సరైనదే, కానీ రెండు వేల లైన్ల ప్రోగ్రాంకి కిటికీ శీర్షికల కోసం పాంగో తగిలించడం నాకు నచ్చదు. డ్రాబార్ ఫంక్షన్‌లో శీర్షిక రాసే నాలుగు లైన్లు తీసేస్తే సరి. తెరమీద కనిపిస్తున్న కిటికీకి పేరెందుకు?

---

ముత్యాలకోవ

మోనోకిల్‌లో (ఒక్క కిటికీయే తెరంతా పరుచుకునే లేఅవుట్) అయిదు పీడీఎఫ్‌లు తెరిచినవాళ్లకి పేరు కావాలి అన్నా. ఎవరి అవసరం వాళ్లది.

---

పలక_బలపం

1, 3 కుదిరాయి, ఇద్దరికీ ధన్యవాదాలు. కామా నిజంగానే మరిచిపోయేవాణ్ణి. పాంగో ప్యాచ్‌లో డ్రా.సి మీద రెండు హంకులు (ప్యాచ్‌లోని ముక్కలు) ఫెయిలయ్యాయి. చేత్తో సరిచేశాక "పాంగో.హెచ్ నో సచ్ ఫైల్" అంటోంది. పాంగో సిస్టమ్‌లో ఉంది, చూశాను.

---

ముత్యాలకోవ

ఉన్నది నడిచే లైబ్రరీ. కంపైల్‌కి హెడర్లు కావాలి: డెబియన్‌లో లిబ్‌పాంగో1.0-డెవ్. ఆర్చ్‌లో అయితే పాంగో ప్యాకేజీలోనే ఉంటాయి.

తర్వాత కాన్ఫిగ్.ఎంకె చూడండి. హెడర్ల లైను (ఐఎన్‌సిఎస్) చివర పికెజి-కాన్ఫిగ్ --సిఫ్లాగ్స్ ఎక్స్‌ఎఫ్‌టి పాంగో పాంగోఎక్స్‌ఎఫ్‌టి, లైబ్రరీల లైను (లిబ్స్) చివర అదే --లిబ్స్‌తో ఉండాలి. రెండూ బ్యాక్‌టిక్‌ల మధ్య. రెండోది మరిస్తే కంపైల్ అయిపోయి లింకింగ్ దగ్గర "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" వరస మొదలవుతుంది.

హంకులు చేత్తో సరిచేశానన్నారు కదా, అక్కడ జాగ్రత్త. ప్యాచ్ పేరులో వెర్షనో కమిట్ నంబరో ఉంటుంది. సోర్సుని ఆ పాయింట్‌కి చెకౌట్ చేసి, కొత్త బ్రాంచి తీసి, ప్యాచ్ -పి1తో ఎక్కిస్తే ఒక్క హంకు కూడా ఫెయిలవదు. కమిట్ చేసి ఆ బ్రాంచిని 6.5 మీదకి రీబేస్ చేయండి. గొడవ వచ్చినచోట పాత కోడ్, కొత్త కోడ్ రెండూ ఎదురెదురుగా కనిపిస్తాయి. ఎక్కని హంకులు పడే .రెజ్ ఫైల్లో ప్యాచ్ వైపు మాత్రమే ఉంటుంది, మధ్యలో అసలు కోడ్ ఎలా మారిందో తెలియదు.

కింది ఒత్తులు బార్ అంచున తెగితే సెటప్ ఫంక్షన్‌లో బిహెచ్ (బార్ ఎత్తు) లెక్క చూడండి: ఫాంట్ ఎత్తుకి 2 కలుపుతుంది. దాన్ని 8 చేయండి. మోనోస్పేస్ ముందుండి తెలుగు తర్వాత ఉన్న మామూలు డిడబ్ల్యూఎంలోనూ ఇదే తెగుడు ఉంటుంది, ఎత్తు మొదటి ఫాంట్‌దే తీసుకుంటుంది కాబట్టి.

ప్యాచ్‌లో మార్కప్ ఆన్ చేసుకుంటే స్టేటస్‌లో అండ్ గుర్తు ఒంటరిగా రాకూడదు, ఎస్కేప్ చేయాలి. పాటల పేర్లు చూపించే స్క్రిప్టులు ఇక్కడే బోల్తా పడతాయి.

---

కుడిఎడమల

నడుస్తున్న సెషన్లో ప్రయోగాలు వద్దు. డిడబ్ల్యూఎం పడిపోతే, .ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సిలో చివరి లైను అదే అయితే, ఎక్స్ మొత్తం మూసుకుపోతుంది, సేవ్ చేయనివన్నీ గోవిందా. ఎక్స్ లోపల ఒక కిటికీలో ఇంకో ఎక్స్ నడిపే జెఫిర్‌లో చూడండి:

జెఫిర్ -బిఆర్ -ఏసి -నోరీసెట్ -స్క్రీన్ 1280x720 :1

ఇంకో టెర్మినల్‌లో డిస్‌ప్లే=:1 పెట్టి ./డిడబ్ల్యూఎం. ఆ డిస్‌ప్లే పెట్టకపోతే "అనదర్ విండో మేనేజర్ ఈజ్ ఆల్రెడీ రన్నింగ్" అని వెళ్లిపోతుంది. లోపలి కిటికీలో మాడ్ షార్ట్‌కట్లు పనిచేయట్లేదని కంగారు పడకండి, బయటి డిడబ్ల్యూఎం ముందే మింగేస్తుంది. కంట్రోల్+షిఫ్ట్ నొక్కితే జెఫిర్ కీబోర్డుని పట్టుకుంటుంది, మళ్లీ నొక్కితే వదులుతుంది.

---

పలక_బలపం

జెఫిర్‌లో "స్త్రీ" సరిగ్గా వచ్చింది, బిహెచ్‌కి 8 కలిపితే ఒత్తులు కూడా పూర్తిగా కనిపిస్తున్నాయి. ఒక్కటే మిగిలింది: బార్‌లో స్టేటస్ చూపించడానికి ఎక్స్‌సెట్‌రూట్ -నేమ్‌తో తెలుగులో తేదీ, వాతావరణం, బ్యాటరీ పంపితే చివర కోసుకుపోతోంది. బార్‌లో ఇంకా చోటుంది.

---

ముత్యాలకోవ

చోటుతో పని లేదు. డిడబ్ల్యూఎం.సిలో స్టేటస్ దాచుకునే ఎస్‌టెక్స్ట్ 256 బైట్ల పెట్టె. యుటిఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటి 3 బైట్లు, అంటే 85 దాటదు. "స్త్రీ" ఒక్కటే 18 బైట్లు తింటుంది. ఎస్‌టెక్స్ట్[256]ని 1024 చేయండి. క్లయింట్ స్ట్రక్ట్‌లో నేమ్[256] కూడా అంతే, పొడవాటి శీర్షికలుంటే దాన్నీ పెంచండి. రాసేచోట సైజ్‌ఆఫ్ వాడారు కాబట్టి ఇంకెక్కడా మార్చనక్కర్లేదు.