మాట్లాడిస్తే నాన్న చేయి ఆగిపోతోంది, మతిమరుపా?

ప్రశ్న:
నాన్నకు 68. పార్కిన్సన్స్ అని తేలి నాలుగేళ్లు. వణుకు పెద్దగా లేదు, మందులు టైముకే వేస్తున్నాం. కానీ చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు ఏదైనా అడిగానో, గుండీ సగం కాజాలో సగం బయట, చేయి అలాగే నిలిచిపోతుంది. జవాబు చెప్పాక మళ్లీ కాజా వెతుక్కుంటారు. మతిమరుపు మొదలైందేమోనని టెన్షన్‌గా ఉంది. గుండీలు నేనే పెట్టేయనా?

జవాబు 1:
నాకూ ఇదే జబ్బు అండీ, ఏడేళ్లుగా. అప్పుడే మతిమరుపు అనుకోకండి. మీకు గుండీ పెట్టడం చేతికే తెలుసు, బుర్రతో పనిలేదు. మాకు ప్రతి గుండీకీ బుర్ర పెట్టాలి, మధ్యలో మీ ప్రశ్న కూడా దానికే! ఫోన్‌లో మాట్లాడుతూ ఏదైనా రాసుకున్నానంటే అక్షరాలు పోను పోను చీమలైపోతాయి, తర్వాత నాకే అర్థం కావు. నా చేతులు ఖాళీ అయ్యాక అడగండి అని ఇంట్లో చెప్పేశాను.

జవాబు 2:
ఫిజియోథెరపిస్టుని. పైన ఆయన చెప్పింది నిజం. అలవాటైన పనుల్ని ఆలోచన లేకుండా నడిపించేది మెదడు లోపలి బేసల్ గాంగ్లియా, ఈ జబ్బులో డోపమిన్ అనే మెదడు రసాయనం తగ్గితే దెబ్బతినేది అదే. వణుకు లేనివాళ్లకీ ఈ ఇబ్బంది ఉంటుంది. ఈ జబ్బుకిచ్చే లెవోడోపా మందుతో కదలిక చురుగ్గా అవుతుంది గానీ, గుండీల్లాంటి సన్నపని పూర్తిగా దారికి రాకపోవచ్చు. మేము తొమ్మిది రంధ్రాల్లో చిన్న పుల్లలు పెట్టించి, తీయించి టైము చూస్తాం, తర్వాత 100 నుంచి ఏడేసి తీసేస్తూ లెక్క చెప్పమని మళ్లీ అదే చేయిస్తాం. రెండో పని చేతిని ఎంత ఆపుతోందో ఆ రెండు టైముల మధ్య తేడాలోనే తెలుస్తుంది. రెండు పనులు కలిపి సాధన చేయించవచ్చు, కానీ కూర్చోబెట్టి, మందు బాగా పనిచేస్తున్న సమయంలో. మెట్లు దిగేటప్పుడు మాత్రం దయచేసి కబుర్లు పెట్టకండి, పడిపోతారు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా మాట అందక, విషయాలు మర్చిపోతుంటే న్యూరాలజిస్టుకు చెప్పండి. గుండీలు మీరు పెట్టేయొద్దు, ఉన్న పట్టు కూడా పోతుంది.

జవాబు 3:
మా అమ్మకు కుర్చీలో కూర్చుని కింది గుండీ నుంచి మొదలుపెట్టడం బాగా పనికొచ్చింది. గుండీని లాగే తీగ కొక్కెం ఒకటి దొరుకుతుంది, చూడండి.

అడిగినవారు:
అందరికీ థాంక్స్. ఈ ఉదయం నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. ఐదు గుండీలు చకచకా కాకపోయినా ఆగకుండా పెట్టుకున్నారు. ఆరోదాని దగ్గర తలెత్తి "ఏంట్రా, ఇవాళ మాట్లాడవేం?" అన్నారు, చేయి ఆగిపోయింది.