పసుపు పచ్చ నీల... తర్వాత ‘మూద’నా, ‘వంగ’నా?

తిరుచానూరువాసి: మా భజన గుడి ఆంప్లిఫయర్ బోర్డు నా బల్ల మీదుంది. కుడి ఛానల్లో ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయి, పక్కనున్న రెసిస్టర్ మాడింది. దాని విలువ ఒంటి మీది రంగు పట్టీల్లోనే ఉంటుంది: ఒక్కో రంగు ఒక్కో అంకె, మొదటి రెండూ అంకెలు, మూడోది వాటి పక్కన ఎన్ని సున్నాలో. మొదటి పట్టీ పసుపని తెలుస్తోంది. రెండోది బొగ్గు. మూడోది నలుపో గోధుమో చెప్పలేను. దాన్ని చూస్తుంటే పాలిటెక్నిక్‌లో మా సారు చెప్పిన ఆటవెలది నోట్లో ఆడుతోంది. రంగుల వరస గుర్తుకి అందరిలా ఇంగ్లిషు మొదటి అక్షరాలతో అల్లిన బీబీరాయ్ వాక్యం కాదు, తెలుగు పద్యం. ‘నలుపు మట్టి యెరుపు నారింజ వరుసగా’ దాకా ఇబ్బంది లేదు. తర్వాత ‘పసుపు పచ్చ నీల —— బూది’. ఆ ఖాళీలో ‘మూద’ అని నా చెవికి గుర్తు. ఎవరైనా విన్నారా?

పాత రేడియో: రెండో పట్టీకి పద్యమెందుకు సామీ? విలువలో అయిదు శాతం తేడా ఉండగల రెసిస్టర్ల వరసలో పసుపుతో, అంటే నాలుగుతో, మొదలయ్యేవి 43, 47 రెండే. పది శాతం వరసలో 47 ఒక్కటే. ఏడంటే ఊదా. అదే అనుకో, దాదాపు తప్పు పోదు. అసలు చిక్కు మూడో పట్టీలో ఉంది. నలుపైతే 47 ఓమ్‌లు, గోధుమైతే 470. ఎడమ ఛానల్లో అదే చోట ఉన్నదాన్ని చూడు. ఒక కాలు ఊడదీసి కొలువు, బోర్డు మీదే కొలిస్తే పక్క పార్టులు కలిసి తక్కువ చూపిస్తాయి.

గణవిభజన: ఊదా అయితే రెసిస్టర్‌కి సరిపోవచ్చు, పద్యానికి సరిపోదు. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే (మూడు మాత్రలవి) కాబట్టి నడక బాగానే ఉంది. యతి ఏదీ? పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి కుదరాలి. మొదటి అక్షరం ‘ప’. నాలుగో గణం ‘మూద’. అక్కడ వంగ అని ఉండాలి. ప–వ మైత్రి, అచ్చు కూడా కలుస్తుంది. మీ సారు ‘పసుపు పచ్చ నీల వంగ బూది’ అనే చెప్పి ఉంటారు.

కార్వేటినగరం: గణవిభజన గారూ, ‘వంగ’ అంటే చెట్టు. రంగు కావాలంటే వంగపండు రంగు అనాలి. మా వైపు పట్టుచీర కొనేటప్పుడు కూడా ఉత్త ‘వంగ’ అని ఎవరూ అడగరు. పైగా ‘నీల వంగ’లో నీలం తోక తెగి వేలాడుతోంది. ‘నీలము + ఊద = నీలమూద’ ఎంత హాయిగా ఉంది! చెవి అబద్ధం చెప్పదు.

గణవిభజన: హాయిగా ఉంటే యతి వస్తుందా? మీ ‘మూ’లో యతి చూడాల్సింది మకారానికి కాదు, ఊకారానికి. వేమన ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’లో ‘నొక్క’ను నకారంతో చూస్తామా? లోపలున్న ‘ఒ’కి, మొదటి ‘ఉ’కి మైత్రి. ఇక్కడ ‘ప’లో అకారం, అవతల ఊకారం. పొసగదు.

కార్వేటినగరం: వేమన పేరెత్తారు కాబట్టి అదే పద్యం రెండో పాదం చూడండి. ‘చూడ చూడ రుచుల జాడ వేరు.’ చూ–జా అచ్చులు కలవవు. చూడ–జాడ, రెండో అక్షరం ‘డ’ కలిసింది, ప్రాసయతి! ఎంత మామూలు మాటల్లో ఎంత నేర్పు! మా తాత ఈ ఒక్క పాదం చెప్పి సాయంత్రమంతా గడిపేవాడు.

గణవిభజన: నేర్పు సరే. పసుపులో ‘సు’, ఊదలో ‘ద’. ప్రాసయతీ లేదు.

అమరం చదివినవాడు: ఇద్దరూ తప్పుదారిలో ఉన్నారేమో. సారు ‘ధూమ్ర’ అని ఉంటే? ‘పసుపు పచ్చ నీల ధూమ్ర బూది.’ ధూమ్రం అంటే పొగరంగని ఇప్పటి మనం అనుకుంటాం కానీ, అమరకోశంలో ‘ధూమ్రధూమలౌ కృష్ణలోహితే’. నలుపూ ఎరుపూ కలిసిన రంగు, ఊదాకి దగ్గర. తిరుచానూరువాసి చెవిలో మిగిలిన ‘మ’ ఇందులోదే కావచ్చు.

గణవిభజన: ప–ధూ? యతి ఇంకా దూరం పోయింది.

అమరం చదివినవాడు: ఆయన ఎలక్ట్రానిక్స్ సారు, అవధాని కాదు.

తిరుచానూరువాసి: ఎడమ ఛానల్లో పసుపు, ఊదా, గోధుమ. కాలు లేపి కొలిస్తే 468 వచ్చింది. నా దగ్గర పావు వాట్‌వి ఉన్నాయి, వేసేదా?

పాత రేడియో: పాతది ఎంత లావుందో చూడు. అర వాట్ చోట పావు వాట్ పెడితే భజన మధ్యలో పొగొస్తుంది. అదే విలువలో లావుది పట్టినా ఫరవాలేదు. ఫ్యూజిబుల్ రకమైతే మాత్రం మళ్లీ అదే రకం వేయాలి, అది మాడడానికే పెట్టింది. ముందు ట్రాన్సిస్టర్ మార్చు, లేకపోతే కొత్త రెసిస్టరూ దాని వెంటే పోతుంది. మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు వంద వాట్ల గుండుబల్బు సీరీస్‌లో పెట్టు. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే సరే, అలాగే వెలుగుతుంటే స్విచ్ ఆపెయ్.

కార్వేటినగరం: మిగతా సగం పద్యం ఎవరికీ రాదు కాబట్టి నేను పూరిస్తున్నా. ‘తెలుపు తుదకు నిలుచు దీటుగా తొమ్మిదై / పసిడి కైదు వెండి పదియు నగును.’ బంగారు పట్టీ ఉంటే అయిదు శాతం తేడా, వెండిదైతే పది. యతి చూసుకోండి గణవిభజన గారూ.

గణవిభజన: తె–దీ, ప–ప. కుదిరాయి. ‘నగును’ ఉత్త పూరణే. ‘దీటుగా’ ఎవరికి దీటో చెప్పలేదు. అయినా నలుపు సున్నా అని ఎక్కడా లేకుండా తెలుపు తొమ్మిదని చెబితే పిల్లవాడు నలుపుని ఒకటి నుంచి లెక్కపెడతాడు.

కార్వేటినగరం: అట్లా లెక్కపెడితే తెలుపు పది కావాలి కదయ్యా, అప్పుడు వాడే దిద్దుకుంటాడు.